అవ్వ రాగిచెంబు

రత్న అంటే నాకు కుళ్ళు. ఈ వయసులో దానికి అసూయ అనో మనస్తాపం అనో మర్యాదైన పేర్లు పెట్టుకోవడం దేనికి, కుళ్ళే. రత్న మా చిన్నాయన కూతురు. కాడుగోడిలో మా అవ్వ ఇంట్లో ఇద్దరం ఒకే చాప మీద పడుకుని పెరిగాం. ఇప్పుడు అది దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఇంటి కోడలు. నేను సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్‌లో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప పెద్దగా కలవం. కలిసినప్పుడు చేతులు పట్టుకుని బాగానే మాట్లాడుకుంటాం. ఇంటికి తిరిగొచ్చాక మాత్రం నాకు అన్నం సహించదు. అది కట్టుకొచ్చిన పట్టుచీర, మొహంలో ఆ నిబ్బరం, ఎవరినైనా ఏదైనా అడిగేసే ఆ నోరు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి. మా కోడలు "ఏమయింది అత్తయ్యా, ఒంట్లో బాలేదా?" అంటుంది. ఎండ తగిలిందని చెప్పి తప్పించుకుంటాను.

మొన్న వానలు వెనకబట్టిన రోజుల్లో రత్న ఫోన్ చేసింది. "వేణక్కా, ఏం చేస్తా ఉండావు? మా పాప చైత్రకి ఆఫీసులో బహుమానం ఇచ్చినారంట. పెద్ద హోటల్లో రెండు దినాలు ఉండొచ్చంట, తిండీ గిండీ అంతా వాళ్ళదే. దానికి తీరిక ల్యాదు, నన్ను పొమ్మంటా ఉండాది. మీ మరిది మగ్గం ఇడిసి కదిలే మనిషి కాదు. ఒగదాన్నే పోవాలంటే నాకు భయం. నువ్వు రాక్కా" అంది. ఎక్కడ ఆ హోటలని అడిగాను. "ఏటి గట్టునక్కా. మన ఏరే. మన పినాకిని" అంది. మన ఏటి ఒడ్డున అంత పెద్ద హోటలు రావడం ఒక ఎత్తు, అందులో ఉండే యోగం రత్నకు పట్టడం ఒక ఎత్తు. నేను దాని వెంట తోడుగా వెళ్ళాలి. రానని చెప్పబోతుండగా మరో మాట అంది. "వస్తా వస్తా అవ్వ చెంబు తెస్తాండా. చైత్ర అడిగింది. కొత్త ఫ్లాట్‌లో దాంట్లో మనీప్లాంట్ పెట్టుకుంటాదంట. తిరిగొచ్చేటప్పుడు దానింట్లో ఇచ్చేసి పోతా." అంతే, వస్తానన్నాను. ఆ చెంబు కోసం నేను బతుకంతా కాచుకుని ఉన్నాను. అది మనీప్లాంట్ పాలయ్యే లోపల ఎట్లయినా రత్నను అడిగి తీరాలని ఆ పూటే అనుకున్నాను.

హోటలు సంగతి చెప్పాలంటే, గేటు దాటాక కారు చాలాసేపు పచ్చికలో వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే ఒకమ్మాయి వేడి వేడి తడి తువ్వాళ్ళు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. నేను వేళ్ళ కొసలు తుడుచుకుని మర్యాదగా తిరిగి ఇచ్చేశాను. రత్న మొహం, మెడ, మోచేతుల దాకా తుడుచుకుని "ఇంగొగటి ఇస్తావామ్మా, చానా బాగుండాది" అంది. ఆ అమ్మాయి నవ్వుతూ ఇచ్చింది. మాకిచ్చిన గది కిటికీ తీస్తే కార్లు నిలబెట్టే చోటు కనిపించింది. పోనీలే, పడుకోవడానికే కదా అనుకుని నేను సంచి దించాను. రత్న ఆ సంచి పట్టుకుని మళ్ళీ కిందికి నడిచింది. "ఏరు చూద్దామని వచ్చినాము తల్లీ, కార్లు మా ఊర్లోనూ ఉండాయి" అని కౌంటరు దగ్గర చెప్పింది. కాసేపటికల్లా ఏటి వైపు గది, గదికి బాల్కనీ, బాల్కనీలో పేము కుర్చీలు వచ్చేశాయి. నేనొక్కదాన్నే వచ్చి ఉంటే ఆ రెండు దినాలూ కార్లు చూస్తూ కూర్చునేదాన్ని. ఎదుటివాళ్ళకు తోచి ఇస్తే తప్ప నోరు తెరవని జన్మ నాది. గది అంత బాగున్నందుకు సంతోషించాల్సింది పోయి, అది అడిగితే ఇచ్చారే అని రుసరుసలాడుతూ కూర్చున్నాను.

రత్న సంచిలోంచి తువ్వాలు తీసింది, తువ్వాల్లోంచి చెంబు తీసింది. అదే పొట్ట మీది సొట్ట, అదే అంచు. చింతపండు పెట్టి మెరిసేలా తోమి తెచ్చింది. హోటలువాళ్ళు పెట్టిన గాజు సీసాలో నీళ్ళు దాంట్లో వొంపి తన మంచం పక్క బల్ల మీద పెట్టుకుంది. "ఇది ల్యాకుంటే నాకు నీళ్ళు తాగినట్టే ఉండదక్కా" అంది. నాకు ఆ గదిలో ఇంకేమీ కనబడలేదు. మెత్తటి పరుపులూ, గోడకు పటాలూ, స్నానాల గదిలో మనిషంత తొట్టీ, అన్నీ ఉన్నాయి. నా చూపు మాత్రం ఆ బల్ల మీదే. ఇప్పుడే అడిగేస్తే పోలా అనుకున్నాను. మాట నాలుక దాకా వచ్చి, "కాఫీ తెప్పించుకుందామా" అయి బయటపడింది.

మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే ఆ ఏరంతా ఇసుకే. పైకి ఎండిపోయినట్టు ఉంటుంది కానీ అడుగున నీళ్ళు కదులుతూనే ఉంటాయి. బాయి నీళ్ళు ఉప్పగా మారే ఆ రోజుల్లో తెల్లవారగానే అవ్వ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని, చంకన కడవా చేతిలో చెంబూ కొబ్బరిచిప్పా పట్టుకుని ఏట్లోకి దిగేది. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాలి. మోచేతి లోతు దిగేసరికి ఇసుక చల్లబడుతుంది, ఇంకొంచెం దిగితే నీరు ఊరుతుంది. అదే చెలమ. మొదట ఊరేదంతా బురద. దాన్ని చిప్పతో తోడి పారబోసి, మళ్ళీ తేటగా ఊరేదాకా ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చునే సేపు అవ్వ తమలపాకు నమిలేది. తడి ఇసుక వాసనా, అవ్వ నోట్లో వక్క వాసనా కలిసి వచ్చేవి. తేరిన నీళ్ళు చెంబుతో ముంచి, పాత పంచె గుడ్డలోంచి కడవలోకి వడగట్టి, కుక్కలు మూతి పెట్టకుండా చెలమ చుట్టూ ముళ్ళకంప వేసి ఇంటికి వచ్చేవాళ్ళం.

చెలమ ఎక్కడ తవ్వాలన్నది ఎవరూ కొలిచి చెప్పరు. మా వైపు ఒక పద్ధతి ఉండేది. ఎవరి చేతికి నీళ్ళు పడతాయో వాళ్ళే మొదటి చెయ్యి వెయ్యాలి. ఏటేటా కొత్త చెలమ తీసేనాడు అవ్వ మా ఇద్దరినీ చూసి, ఆలోచించినట్టు నటించి, "రత్నా, నువ్వు చెయ్యి పెట్టే. నీ చేతికి గంగమ్మ పలుకుతాది" అనేది. ఒకసారి నేను పట్టు వదలకుండా అవతల వేరే గుంత తవ్వాను. గోళ్ళు ఊడొచ్చేలా తవ్వితే తాటిచెట్టు బెరడంత గట్టి నల్లరేగడి తగిలింది, నీటిబొట్టు రాలేదు. ఇవతల రత్న చెలమలో దాని మొహం దానికి కనిపించేంత తేటగా నీళ్ళు నిలిచాయి. ఆ పూట చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ దాని బుగ్గలు పుణికారు. నేను వేళ్ళ సందుల్లో మట్టి గిల్లుకుంటూ నిలబడ్డాను.

రత్నకు తల్లి లేదు. అది పుట్టిన కొన్నాళ్ళకే మా చిన్నమ్మ పోతే, చిన్నాయన కోలారు వైపు పనికి పోతూ బిడ్డను తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టాడట. కనుక దాన్ని అందరూ ముద్దు చేయడంలో వింతేమీ లేదని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు తెలియలేదు. అవ్వది ఒక ఖచ్చితమైన అలవాటు. మొదటి వడ్డన అందరికీ సమానం, రెండోసారి అడిగినవాళ్ళకే. సంగటి ముద్ద మీద ఉలవచారు పోసి తను గోడకానుకుని కూర్చునేది. రత్న పళ్ళెం ముందుకు తోసి "అవ్వా, ఇంగొంచిం" అనేది. ముద్ద పడేది. నేను ఖాళీ పళ్ళెం వైపే చూస్తూ కూర్చునేదాన్ని, అవ్వ చూస్తుంది, చూసి పెడుతుందని. అవ్వ పెట్టేది కాదు. చల్ల చిలికిన నాడు కవ్వం పక్కన చెయ్యి చాపింది రత్న, వెన్నముద్ద దాని అరచేతిలో పడింది. అవరేకాయల, అదే అనపకాయల కాలంలో ఒలిచిన గింజలు గుప్పెట్లో పోసుకున్నదీ అదే. సంతకు వెంటపోయి రిబ్బన్లు కొనిపించుకున్నదీ అదే. మా అమ్మ నన్ను చూసి "నీకి నోరు ల్యాదా పాపా?" అని విసుక్కునేది. నోరు ఉంది. అడిగించుకుని పెట్టేది పెట్టడమేనా అని నా పంతం. ఆ వయసులో ఆ పంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఇంట్లో నాకు బాగా ఇష్టమైన వస్తువు ఆ చెంబు ఒక్కటే. అవ్వ పెళ్ళినాటిదది. సొట్ట ఎట్లా పడిందో ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేది. పగలు చెలమకు వచ్చేది, రాత్రి మేం పడుకునే నడవలో ఉండేది. నాకు చిన్నప్పటినుంచీ నిద్దట్లో నోరెండిపోయే జబ్బు. దప్పికతో మెలకువ వస్తే కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపేదాన్ని, తలకాడ చల్లగా చెంబు తగిలేది. రాగి రుచి కలిసిన ఆ నీళ్ళు తాగి, దాన్ని పక్కన బోర్లించి, అటు తిరిగి పడుకునేదాన్ని. నా పెళ్ళయి వెళ్ళేనాడు ఆ చెంబు వైపు చాలాసేపు చూశాను. అవ్వ నా చూపు కనిపెట్టి చేతిలో పెడుతుందని ఆశ. అవ్వ పసుపూ కుంకుమా చీరా పెట్టి, తల మీద చెయ్యి వేసి పంపించింది. తరవాతి ఏడు రత్న పెళ్ళి. బయల్దేరే ముందు అందరి ముందూ "అవ్వా, నాకు ఆ చెంబు కావల్ల" అంది. అవ్వ చెంబు కడిగి, తుడిచి, దాంట్లో బియ్యం పోసి ఇచ్చింది. నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆ రోజు నా కడుపులో రగిలిన మంట ఇంకా ఆరలేదు.

హోటల్లో మర్నాడు పొద్దున్నే రత్న నన్ను లేపింది. "అక్కా, రా, ఏట్లో దిగుదాం." గడ్డి మధ్య రాళ్ళు పరిచిన బాట మీదుగా నడిచి ఒడ్డుకు పోయాం. పైనా కిందా కట్టలు వేసి ఏటిని అక్కడ చెరువులా నిలబెట్టారు. నీళ్ళు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. పూలవాసన కొట్టే ఏదో మందు చల్లినట్టున్నారు. ఒడ్డున తెల్లటి ఇసుక పరిచి, దాని మీద గొడుగులూ పడక కుర్చీలూ వేశారు. రత్న చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఆ ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది. నేను ఏమిటే అనేలోపే రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. ఈ వయసులోనూ దాని చేతులు అదే తీరున ఆడాయి. ముందు పక్కలకు తోసి, తరవాత దోసిళ్ళతో ఎత్తి పోస్తూ. నేను గొడుగు కింద నిలబడి చూస్తున్నాను. నీళ్ళు పడతాయేమో అని భయపడ్డాను. నిజం చెబుతున్నాను, పడకూడదని మొక్కుకున్నాను.

మోచేతి లోతు కూడా దిగలేదు, దాని చెయ్యి ఆగిపోయింది. ఇంకొంచెం ఇసుక తోసింది. కింద నల్లటి ప్లాస్టిక్ పట్టా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. గోటితో గీకింది. గీరుకున్న చప్పుడు వచ్చింది కానీ పట్టా చిరగలేదు. అంతలో కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె పరుగున వచ్చింది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విన్నట్టుంది. "మేడం, ప్లీజ్, ఇక్కడ డిగ్ చెయ్యకూడదు. ఇది ల్యాండ్‌స్కేపింగ్ మేడం. శాండ్ బయట్నుంచి తెప్పించాం."

"మరి ఏటి ఇసుక ఏమాయమ్మా?" అంది రత్న.

"అది నాకు తెలీదు మేడం. మేం వచ్చేటప్పటికే లేదు. వాటర్ కూడా ట్రీట్ చేసిందే. మీకు తాగడానికైతే రూమ్‌కి బాటిల్స్ పంపిస్తాను."

రత్న లేచి చేతులు దులుపుకుంది. "ఏటికి కూడా పక్కేసి పండబెట్టినారు గదప్పా" అంది. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక నవ్వింది. నాకు మాత్రం లోపల పండగలా ఉంది. గంగమ్మ పలికే చేతికి ప్లాస్టిక్ తగిలింది. నాకు నల్లరేగడి, దానికి నల్లపట్టా, సరిపోయిందనుకున్నాను. గది దాకా ఆ సంతోషంతోనే నడిచాను. ఆ ఉషారులోనే నోరు పెగిలింది కాబోలు. రత్న బాల్కనీలో కూర్చుని చెంబులో నీళ్ళతో వేళ్ళ సందుల్లో ఇసుక కడుక్కుంటోంది. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని అన్నాను, "రత్నా, ఆ చెంబు నాకియ్యి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రత్న కడుక్కోవడం ఆపి నా వైపు చూసింది. అంతలో ఇడ్లీలు తెచ్చినతను గిన్నెలు సర్ది వెళ్ళాడు.

"ఇయ్యను" అంది.

"చైత్రకు ఇస్తావు, నాకియ్యవా? మనీప్లాంట్ పాటి చెయ్యనా నేను?"

"చైత్రకీ ఇయ్యను. ఇందాక చెయ్యి పట్టాకి తగిలినప్పుడే అనుకుంటి, ఇంక ఇది ఎవురికీ ఇచ్చేది ల్యాదని. నాకే కావల్ల."

"ఏం, అన్నీ నీకేనా?" అనేశాను. ఎన్నో ఏళ్ళుగా లోపల దాచిపెట్టినదంతా ఆ రెండు ముక్కల్లో బయటపడింది. "సంగటి నీకే, వెన్న నీకే, చెలమ నీకే. పెళ్ళిలో ఆ చెంబు కూడా నీకే. అవ్వ నాకేం పెట్టిందే? ఏనాడన్నా ఒక్కటి నా చేతిలో పెట్టిందా?"

రత్నకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెంబు ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో తుడుస్తూ నిదానంగా చెప్పింది. "నేను అడిగితే పెట్టింది అక్కా. అడగకుంటే ఒక్కటీ పెట్టల్యా. తల్లి ల్యాని పిల్ల నోరు తెరవకుంటే ఎవురికి గుర్తుంటాది? అందుకే అన్నీ అడుగుతా ఉంటి. అడిగేటప్పుడంతా నాకు సిగ్గయ్యేది. నువ్వు మాత్రం గొప్పింటి పిల్ల మాదిరి మూతి బిగించుకోని కూసుంటా ఉంటివి. నీకేమి, అడిగే పనే ల్యాకుండె."

"నాకేం దొరికిందని?"

"పండుకునే ముందు దినామూ ఈ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నీ తలకాడ పెట్టింది ఎవురనుకున్యావు? అవ్వే. మూత పెట్టి, నీ తల నిమిరి పోతా ఉండె. ఇద్దురమూ ఒగే చాప మీద ఉంటిమి గదా. నా పక్క ఒగ దినమన్నా పెట్టిందా? నాకూ దప్పికయ్యేది అక్కా. నువ్వు తాగినాక రోంత మిగిలింటే తాగుదామని కండ్లు మూసుకోని మేలుకోనుంటా ఉంటి. నువ్వేమో అంతా తాగేసి బోర్లిచ్చేస్తా ఉంటివి." చెప్పి చెంబు వైపు చూసుకుంది. "అందుకే దీన్ని అడిగింది పెండ్లిలో. ఇంగేమీ అడగల్యా, చూడు. ఇది ఒగటే."

ఆ చెంబు తలకాడికి ఎట్లా వచ్చేదో నేను ఏనాడూ ఆలోచించలేదు. చీకటి పడితే నిద్రొచ్చినట్టు, దప్పికైతే చెంబు ఉండేది. మా అమ్మ పెట్టేదనుకున్నానా అంటే అదీ అనుకోలేదు. ఇడ్లీలు చల్లారిపోయాయి. రత్న లేచి నా పళ్ళెంలో చట్నీ వేసి, "తిను, ఊరికే వచ్చిన తిండి" అంది.

తిరుగు ప్రయాణంలో హోటలువాళ్ళ కారు ట్రాఫిక్‌లో చాలాసేపు నిలబడిపోయింది. రత్న చెంబు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది, నీళ్ళతో సహా. ఎండకు నా గొంతు ఆరిపోయింది. అడుగుదామనుకున్నాను, మళ్ళీ అదే పాత జబ్బు, అదే ఇస్తుందిలే అని ఊరుకున్నాను. రత్న నా వైపు చూసింది, చెంబు ఎత్తింది, ఒక్క గుక్కలో మొత్తం తాగేసింది. తరవాత దాన్ని బోర్లించి నాకు చూపించి, "అయిపాయె" అని పడీపడీ నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు కూడా తడిశాయి.

మా ఇంట్లో నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి, తాగేవి క్యాన్లలో వస్తాయి. కొడుక్కొక సీసా, కోడలికొక సీసా, మనవరాలికి బొమ్మలున్న సీసా. ఎవరిది వాళ్ళు నింపుకుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు, అందులో తప్పేమీ లేదు. నా తలకాడ స్టీలు గ్లాసు నేనే పెట్టుకుని, మూత నేనే పెట్టుకుంటాను. ఆ హోటలు నుంచి వచ్చాక రత్న మీది కుళ్ళు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, చెంబు ఇంకా దాని దగ్గరే ఉంది కదా. ఇప్పుడు నాకు కడుపు మండేది ఆ చాప మీది ఇంకో పిల్లను తలుచుకుంటే. అడక్కుండానే దానికి నీళ్ళు తెచ్చిపెట్టి, తల నిమిరి పోయే మనిషి ఉండేది. ఆ పిల్ల మాత్రం కళ్ళయినా తెరవకుండా గటగటా తాగేసి, చెంబు బోర్లించి, అటు తిరిగి పడుకునేది.